కోడూరు దగ్గర ఆగిన లెక్క

బ్లెస్సీ ఆరు రోజుల లెక్క పోయిన రోజున ల్యాప్‌టాప్ మూత వేసింది వాళ్ళమ్మ ఎలీసబెతే.

అది రెండేళ్ళ కిందటి మాట. మే నెల, గురువారం మధ్యాహ్నం. బందరు చిలకలపూడిలో వాళ్ళ ఇంట్లో స్త్రీల కూడిక. ప్రార్థన మొదలయ్యేసరికి ఇంట్లో వెలిగేది, మోగేది ఏదీ ఉండకూడదన్నది ఎలీసబెతు అత్తగారి నాటి కట్టడి. టీవీ కట్టేస్తారు. ఫోన్లు బోర్లా పెడతారు. ఆ రోజు ముందుగదిలో బల్ల మీద కూతురి ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. నల్లటి తెర మీద తెల్లటి అంకెలు ఒక్కో వరుసా పైకి జరుగుతున్నాయి. పాస్టరమ్మగారు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే చూసి, ఎలీసబెతు మూత మెల్లగా దించి, దాని మీద పాటల పుస్తకాలు పేర్చింది.

సాయంత్రం బ్లెస్సీ కోడూరు నుంచి వచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. భుజాన సంచిలో ఉప్పునీళ్ళ సీసాలు. వస్తూనే మూత తీసి చూసింది. తర్వాత తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది. దివిసీమ మురుగుకాలవల్లోకి సముద్రపు పోటు ఎంత దూరం ఎగదన్నుతోందో, ఏ ఊరి పొలం ఎప్పటికి ఉప్పుబారుతుందో లెక్కకట్టడం ఆమె పరిశోధన. అంత లెక్క ఈ ల్యాప్‌టాప్ వల్ల కాదు. ఆమె చదివే యూనివర్సిటీలో సర్వర్ అనే పెద్ద యంత్రం ఉంది. చేసేది అది, ఇక్కడి నుంచి చెప్పడమే. అయితే ఇక్కడ మూత పడితే మధ్యలో దారం తెగుతుంది. పని చెప్పిన మనిషి వెళ్ళిపోయిందనుకుని, అదీ పని వదిలేస్తుంది.

“నీకు చెప్పకుండా వెళ్ళడం నా తప్పేలే అమ్మా,” అంది బ్లెస్సీ.

ఎలీసబెతు మునిసిపల్ హైస్కూల్లో ఇరవయ్యెనిమిదేళ్ళుగా లెక్కలు చెబుతోంది. ఆవిడ క్లాసులో పక్కవాడి లెక్క చెరిపినవాడికి ఆ రోజు కూర్చునే యోగం ఉండదు. అలాంటి మనిషి ఆరు రోజుల లెక్క ఒక్క చేత్తో చెరిపేసింది. ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారి, “మళ్ళీ మొదలుపెట్టు. ఈసారి నేను కాపలా ఉంటాను,” అంది.

వేసవి సెలవులు కాబట్టి సరిపోయింది. ఏడు రోజులు ఆ బల్ల పక్కనే కుర్చీ వేసుకుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ పలికిందో లేదో చూసింది. బల్లి తెర మీదికి పాకితే చీపురుపుల్లతో అదిలించింది. గురువారం కూడిక వచ్చినప్పుడు మూత వేయకుండా, ప్రార్థనకు తల మీద వేసుకునే తెల్ల ముసుగు తీసి ల్యాప్‌టాప్ మీద కప్పింది. “అదేంటి టీచరుగారూ, లోపలేదో ఉడుకుతున్నట్టుందే,” అని ఒకావిడ అడిగితే, “మా అమ్మాయి లెక్క,” అని గర్వంగానే చెప్పింది. ఒక రూళ్ళ పుస్తకం పెట్టి, పొద్దున ఏ సంవత్సరం లెక్క నడుస్తోందో, సాయంత్రానికి ఏ సంవత్సరానికి వచ్చిందో రాసుకునేది. తెర ఆరిపోతే మళ్ళీ తెరవడానికి పాస్‌వర్డ్ ఆ పుస్తకం మొదటి పేజీలో బ్లెస్సీయే రాసిచ్చింది. నాగాయలంక రేవులోంచో, పడవలోంచో బ్లెస్సీ రోజూ ఫోన్ చేసి, “అమ్మా, ఎంతవరకొచ్చింది?” అని అడిగేది. ఎలీసబెతు పుస్తకం చూసి చెప్పేది. కూతురు పెద్ద చదువుల్లోకి వెళ్ళాక, కూతురి పనిలో తనకంటూ ఒక పని దొరకడం అదే మొదలు.

అదే చివరా అయింది. ఆ ఏడో రోజున లెక్క పూర్తి కాగానే బ్లెస్సీ తల్లి భుజాల మీద చేతులు వేసి, “ఇక నువ్విట్టా కూర్చోనక్కర్లేదమ్మా. బిందు ఒక పద్ధతి చెప్పింది,” అంది.

బిందు గుడివాడ పిల్ల. బ్లెస్సీతో కలిసి చదివింది. ఆమె చెప్పిన పద్ధతి పేరు టీమక్స్. యంత్రంలోనే ఒక గది తీసుకుని, పనిని ఆ గదిలో కూర్చోబెట్టి, మనం తలుపు దగ్గరగా వేసి వచ్చేయడమే. దారం తెగినా, ఇక్కడ మూత పడినా, లోపల పని సాగుతూనే ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి తలుపు తీసి చూసుకోవచ్చు. చాలా మంచి పద్ధతి అని ఎలీసబెతు కూడా అంది. కుర్చీ తీసి వంటింటి పక్కన వేసింది. రూళ్ళ పుస్తకం బీరువాలో పెట్టింది. బిందు అన్న పేరు ఆ రోజు నుంచే ఆవిడ గొంతులో ముల్లులా దిగింది.

ఇల్లంతా బిందు కబుర్లే. బిందు ఇట్టా అంది, బిందుకి అట్టా అయింది, ఎదురుమొండి పడవలో బిందు చెప్పు నీళ్ళలో పడితే బిందు ఒంటి చెప్పుతోనే ఊరంతా తిరిగింది. ఒకసారి భోజనం దగ్గర ఎలీసబెతు లెక్కపెట్టింది. పదకొండు సార్లు. నవ్వినప్పుడు బ్లెస్సీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది తమ ఇంటి అలవాటు కాదు. బిందు ఒకసారి బందరు వచ్చి వాళ్ళింట్లో భోంచేసినప్పుడు తెలిసింది, ఆ పిల్ల అలా నవ్వుతుందని. ఆ రోజు బ్లెస్సీ కొరమీను ముక్కలో ముళ్ళు ఏరి బిందు కంచంలో వేసింది. “తనకి ముళ్ళు తీసుకోవడం రాదమ్మా,” అంది. చిన్నప్పుడు తనకి ముళ్ళు ఏరిపెట్టింది ఎవరో బ్లెస్సీకి గుర్తున్నట్టు లేదు. ఎలీసబెతు లేచి మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. మజ్జిగ గిన్నె అప్పటికే బల్ల మీద ఉంది.

నిరుడు బిందు పరిశోధన ఆపేసి గుడివాడలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. ఇక తగ్గుతుందనుకుంది ఎలీసబెతు. తగ్గలేదు. ఆదివారం గుడి అయిందో లేదో, బ్లెస్సీ స్కూటరు తీసి చల్లపల్లి దాకా వెళ్ళేది. అటునుంచి బిందు వచ్చేది. ఇద్దరూ కలిసి దివిసీమలోకి పోయేవాళ్ళు, నీళ్ళ కోసం. “ఆ అమ్మాయి ఊరకనే నీ పని ఎందుకు చేస్తుంది?” అని ఒకసారి అడిగింది ఎలీసబెతు. బ్లెస్సీ విచిత్రంగా చూసి, “ఊరకనే,” అంది.

ఈ ఏడు సెప్టెంబరు ఆఖరున బ్లెస్సీ చివరి పెద్ద లెక్క మొదలుపెట్టింది. నాగాయలంక, కోడూరు, పాలకాయతిప్ప, హంసలదీవి, ఎదురుమొండి, మొత్తం అయిదు చోట్లు. ఒక్కో చోటికి ఇరవై రెండేళ్ళ పోటు, ఒక్కో చోటికి పదకొండు రోజులు. అది అయితే పరిశోధన అయినట్టే. అక్టోబరు పదకొండున జ్వరం వచ్చింది. పదమూడున ఆస్పత్రిలో చేర్చారు. పదిహేడో తారీఖు తెల్లవారుజామున బ్లెస్సీ పోయింది. ఇరవయ్యేడేళ్ళు.

సమాధుల తోటలో ఎలీసబెతు ఏడవలేదు. ఆవిడకు నలుగురిలో ఏడుపు రాదు. పెట్టె దించుతుంటే గట్టిగా ఏడ్చింది బిందు. నిలబడలేక కూలబడింది. పొరుగూరి నుంచి వచ్చినవాళ్ళు ఆ పిల్లనే తోడబుట్టిందనుకుని, తల నిమిరి నీళ్ళు తాగించారు. పక్కనే నిలబడ్డ ఎలీసబెతును ఒకాయన, “మీరేమవుతారండీ?” అని అడిగాడు. “అమ్మని,” అంది. ఏడుపులో కూడా ఆ పిల్లే ముందుకు వెళ్ళిందన్న ఆలోచన ఆ క్షణంలో మనసులోకి వచ్చింది. సిగ్గనిపించింది. అయినా అది పోలేదు.

ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఆస్పత్రికి వెళ్తూ బ్లెస్సీ దాన్ని అలాగే వదిలింది. ఎలీసబెతు పాస్‌వర్డ్ కొట్టింది. నల్లటి తెర, తెల్లటి అంకెలు. చివరి వరుసలో కోడూరు, 2009. దాని కింద చిన్న గీత ఒకటి కొట్టుకుంటోంది. కొట్టుకుంటోందంటే పని నడుస్తోందన్నమాటే. ఆవిడ వంటింటి పక్కనున్న కుర్చీ తెచ్చి బల్ల దగ్గర వేసింది. బీరువాలోంచి రూళ్ళ పుస్తకం తీసింది. బ్లెస్సీ కోసం పెట్టిన ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళ ముందు ల్యాప్‌టాప్ మీద ముసుగు కప్పింది కానీ మూత వేయలేదు. బిందు పద్ధతి సంగతి ఆవిడ మర్చిపోలేదు. నమ్మదలచుకోలేదు, అంతే.

అక్టోబరు ఇరవయ్యారున బిందు ఫోన్ చేసింది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అసలు సంగతి చెప్పింది. సర్వర్‌లో బ్లెస్సీ పేరున ఉన్న చోటును నవంబరు ముప్పయ్యో తారీఖున యూనివర్సిటీ వాళ్ళు మూసేస్తారట. చదివే మనిషి లేకపోతే అది రూలట. ఈలోగా లెక్క పూర్తి కావాలి, అయినది బయటికి తీయాలి. సర్వర్‌లోకి వెళ్ళే తాళం ఆ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

“నేనొచ్చి ఒక్కసారి చూస్తానండీ. పాస్‌వర్డ్ తెలిస్తే చాలు,” అంది.

ఎలీసబెతు కళ్ళ ముందే రూళ్ళ పుస్తకం ఉంది. మొదటి పేజీ తెరిచి ఉంది.

“పాస్‌వర్డ్ మాకు తెలీదమ్మా. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు,” అంది.

పడక్కుర్చీలో ఉన్న భర్త హనోకు పేపరు దించి చూశాడు. కోర్టులో ముప్పయ్యేళ్ళు గుమాస్తాగా చేసి, ఎందరో ప్రమాణం చేసి అబద్ధాలు చెప్పడం విన్న మనిషి. రోజూ పొద్దునే భార్య పాస్‌వర్డ్ కొట్టడం చూస్తున్న మనిషి. పేపరు మళ్ళీ పైకెత్తుకున్నాడు.

బిందు మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. పోనీ తెలిసినవాళ్ళెవరికైనా చూపించమంది, గుడివాడ తీసుకొస్తే తనే చూస్తానంది. స్కూలు పనుందని ఒకసారి, ఒంట్లో బాగాలేదని ఒకసారి అంది ఎలీసబెతు. నిజానికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ కుర్చీలోకి వచ్చి కూర్చుని తెర వంక చూసేది. ఇది తన కాపలా. ఒకసారి ఆ పిల్ల దీన్ని తన చేతుల్లోంచి తీసుకుంది. రెండోసారి ఇవ్వదు. బ్లెస్సీ నవ్వు తీసుకుంది, ఆదివారాలు తీసుకుంది, సమాధి దగ్గర ఏడుపూ తీసుకుంది. ఈ గీత మాత్రం తన ఇంట్లో, తన బల్ల మీద కొట్టుకుంటోంది.

“ఇచ్చేయరాదూ,” అన్నాడు హనోకు ఒక సాయంత్రం. ఆవిడ కుర్చీ బల్ల దగ్గరికి ఇంకొంచెం జరుపుకుంది. ఆయన రెండోసారి అనలేదు.

నవంబరు పద్దెనిమిదిన బిందు నుంచి ఫోన్ రాలేదు, మెసేజీ వచ్చింది. ‘ఆంటీ, ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఎవరిచేతైనా తెర తెరిపించి, ఎంతవరకు వచ్చిందో ఫోటో తీసి పంపినా చాలు.’

ఎంతవరకొచ్చింది. ఆ మాట అడిగే గొంతు వేరే. ఎలీసబెతు రూళ్ళ పుస్తకం అందుకుంది. పేజీలు మొదటి నుంచి తిప్పింది. అక్టోబరు పద్దెనిమిది పొద్దున, కోడూరు 2009. సాయంత్రం, కోడూరు 2009. పంతొమ్మిది పొద్దున, కోడూరు 2009. నెల రోజులు, రోజుకు రెండుసార్లు, ఒకే చేతిరాతలో ఒకే జవాబు. పక్కవాడి పలకలోది ఎక్కించిన పిల్లవాడి పుస్తకం కూడా ఇంత శుభ్రంగా ఉండదు. రెండేళ్ళ కిందట రాసిన పేజీల్లో పూటకో సంవత్సరం కదిలింది. అది ఆవిడకు తెలియనిది కాదు. ఈసారి లెక్క పెద్దదేమోలే అనుకుంటూ వచ్చింది. లెక్కల టీచరు, లెక్క వేసుకోకుండా నెల రోజులు కూర్చుంది.

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గుడివాడ బస్సెక్కింది. మూత తెరిచే ఉంది. పెడన దాటాక రోడ్డు కుదుపులకు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

“మూతేసుకోండమ్మా, పడిపోయిద్ది,” అన్నాడు కండక్టరు.

“వేయకూడదండీ.”

“ఏం, సినిమా మధ్యలో ఉందా?”

ముందు సీటులో ఇద్దరు నవ్వారు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. కోతలు మొదలవని వరిచేలు గుడ్లవల్లేరు దాకా పచ్చపసుపుగా పోతూనే ఉన్నాయి. బ్లెస్సీ ఈ దారిన ఎన్నిసార్లు వెళ్ళి ఉంటుందో, ఎవరి కోసం వెళ్ళి ఉంటుందో అన్న ఆలోచన పెడనలో ఎక్కి గుడివాడ దాకా దిగలేదు.

బిందు బస్టాండుకు వచ్చింది. సన్నబడింది. తెరిచిన ల్యాప్‌టాప్ చూసి, జనం తగలకుండా దారి చేస్తూ ముందు నడిచింది. ఇంట్లో వాళ్ళమ్మగారు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళారు. బిందు గదిలో గోడ వారగా చెక్క అర, అందులో వరసగా ఉప్పునీళ్ళ సీసాలు. ప్రతి సీసాకూ కాగితం అంటించి ఊరు, తేదీ రాసి ఉంది. రాత బ్లెస్సీది. తన ఇంట్లో బ్లెస్సీ రాత ఇంత లేదు. ఎలీసబెతు కాఫీ గ్లాసు పట్టుకుని ఆ కాగితాలు ఒక్కొక్కటే చదివింది. చివరిది ఎదురుమొండి, సెప్టెంబరు 21.

బిందు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎలీసబెతు వంగి పాస్‌వర్డ్ కొట్టింది. బిందు ఆ వేళ్ళ వంక చూసింది.

“ఇది నడవట్లేదండీ,” అంది తెర చూసి, మెల్లగా. “ఆ పదమూడో తారీఖున మీ ఇంట్లో నెట్ పోయుంటుంది. అప్పుడే దారం తెగింది. ఇది ఆ క్షణంలో ఉన్న బొమ్మ.”

“గీత కొట్టుకుంటోందిగా.”

“ఆ గీత ఈ ల్యాప్‌టాప్‌దండీ. అక్కడిది కాదు.”

నెల రోజులు ఎలీసబెతు కాపలా కాసింది ఒక బొమ్మకు.

బిందు పాత తెర మూసి కొత్తది తెరిచింది. రెండు వరుసలు కొట్టింది. తెర ఒక్కసారి ఖాళీ అయి మళ్ళీ నిండింది. ఇప్పుడు చివరి వరుసలో కోడూరు 2022. దాని కింద ఒక పట్టిక, ఇరవై రెండు వరుసలు. పట్టిక కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. ఎలీసబెతు కళ్ళజోడు సర్దుకుని చదివింది.

‘అమ్మా, చూశావా? తర్వాతి లెక్కకి వెళ్ళనా?’

“అక్టోబరు ఇరవైన కోడూరు అయిపోయింది,” అంది బిందు. “అప్పటినుంచీ ఇది అడుగుతూ కూర్చుంది. నాగాయలంక అయ్యాక బ్లెస్సీయే సరే అంది. ఇప్పుడు ఎవరో ఒకరు సరే అనాలి. అంటేగాని పాలకాయతిప్పకి పోదు.”

ఎలీసబెతు క్లాసులో ఒక కట్టుబాటు ఉంది. ఒక లెక్క చేసి, ఆవిడకు చూపించి, ఆవిడ సరే అన్నాకే తర్వాతి లెక్కకు వెళ్ళాలి. ఒకటి తప్పుచేసి ఆ తప్పు మీద పది లెక్కలు కట్టుకుపోయేవాళ్ళను ఆవిడ చాలామందిని చూసింది. బ్లెస్సీకి ఆరేళ్ళప్పుడు ఇంట్లోనూ అదే కట్టుబాటు. పలక ఎత్తుకుని వంటింటి గడపలోకి వచ్చి నిలబడేది.

బిందు వేళ్ళ మీద లెక్కపెడుతోంది. “నేను మొదట ఫోన్ చేసింది ఇరవయ్యారున. ఆ రోజు సరే అనుంటే ఈ నెల ఇరవయ్యెనిమిదికల్లా మిగతా మూడూ అయిపోయేవండీ. ఇప్పుడు ఒక్కటే అవుద్ది. అదీ ముప్పయ్యో తారీఖు పొద్దుటికి.” తల ఎత్తింది. “పాస్‌వర్డ్ ఎప్పుడు దొరికింది ఆంటీ?”

“దొరకడమేముంది. మొదటినుంచీ నాకు తెలుసు.”

బిందు లెక్కపెడుతున్న వేళ్ళు దించింది.

“మరి ఎందుకండీ?”

“నువ్వు అడిగావు కాబట్టి,” అంది ఎలీసబెతు.

బిందు లేచి పెరట్లోకి వెళ్ళింది. కుళాయి చాలాసేపు పారింది. ఎలీసబెతు కదలకుండా కూర్చుని తెర మీది ప్రశ్ననే చూసింది. బిందు మొహం కడుక్కుని వచ్చి, కుర్చీలో కాకుండా మంచం మీద దూరంగా కూర్చుంది.

“దీనిమీద బ్లెస్సీతో ఎన్నిసార్లు పోట్లాడానో మీకు తెలీదు,” అంది. “ఊరూరికీ ఆగి అడగడమేంటే, ఆపకుండా పోయేట్టు రాయి, మనిషి లేకపోతే ఆగిపోయిద్ది కదా అనేదాన్ని. వినేది కాదు. మా అమ్మ చూడకుండా తర్వాతి లెక్కకి పోకూడదు అనేది. ప్రతి మాటకీ మా అమ్మ, మా అమ్మ. ముళ్ళు తీసేటప్పుడు కూడా అదే, మా అమ్మ ఇట్టా తీస్తుంది అని. రెండేళ్ళు మీతో వేగాను ఆంటీ, మీరు లేకుండానే.”

ఎలీసబెతు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఈ పిల్ల కూడా తనలాగే, అటువైపు నుంచి, అదే ముల్లు మింగుతూ వచ్చిందన్నమాట. ఓదార్చాలనిపించలేదు. కానీ ఆ పిల్ల కూర్చున్న దూరం కొంచెం తగ్గినట్టు అనిపించింది.

“ఏం కొట్టాలి?” అని అడిగింది.

“వై కొట్టి ఎంటర్. అంతే.”

ఎలీసబెతు వెంటనే కొట్టలేదు. చేతిసంచిలోంచి రూళ్ళ పుస్తకం, ఎర్ర పెన్ను తీసింది. పట్టిక మొదటి వరుస దగ్గర వేలు పెట్టింది. ఏ అంకె దేనిదో బిందును అడిగి తెలుసుకుని, ఒక్కో ఏడూ పక్క ఏడుతో పోల్చుకుంటూ దిగింది. ఇప్పటికే నెల పోయింది, ఇంకో అరగంట ఎందుకని బిందు అనొచ్చు. అనలేదు. దగ్గరికొచ్చి నిలబడి చూసింది. 2013 దగ్గర ఎలీసబెతు వేలు ఆగింది. ఉప్పు ఒక్కసారిగా తగ్గింది, ఎందుకని అడిగింది. ఆ ఏడు కాలవలకు నీళ్ళు బాగా వదిలారని, అందుకేనని బిందు చెప్పింది. ఎలీసబెతు తలూపి కిందికి దిగింది. ఇరవై రెండూ అయ్యాక పుస్తకంలో ‘కోడూరు 2022’ అని రాసి, పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టింది. అప్పుడు కొట్టింది.

అంకెలు కదిలాయి. పాలకాయతిప్ప, 2001.

బిందు ఎలా బయటికి రావాలో చూపించింది. రెండు మీటలు కలిపి నొక్కి వదిలి, తర్వాత ఒక మీట. గదిలోంచి బయటికి రావడం అంతే. ఆపైన ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేయబోయి, ఆగి, ఎలీసబెతు వంక చూసింది.

ఎలీసబెతు తనే మూత దించింది. రెండేళ్ళలో అది మొదటిసారి. మూత మీద చెయ్యి అలాగే ఉంచి, సీసాల మీది తేదీలు ఇంకోసారి మొదటి నుంచి చివరిదాకా చదివింది. తర్వాత మూత ఎత్తింది. బిందు చెప్పిన రెండు వరుసలూ తనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తలుపు తెరుచుకుంది. అంకెలు తను వదిలిన చోట లేవు. ముందుకు వెళ్ళాయి.

ల్యాప్‌టాప్ గుడివాడలో వదిలిపెట్టమని బిందు అడగలేదు. ఎలీసబెతు ఇస్తాననలేదు. అయితే బిందు తన కోసం ఇంకో తాళం చేసుకుంటానంటే ఒప్పుకుంది. ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడ ఉండి ఒకే గదిలోకి చూడొచ్చట. తిరుగు బస్సులో మూత వేసి సంచిలో పెట్టుకుంది. అయినా సంచి ఒళ్ళోనే ఉంచుకుంది.

మూడో రోజు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి అంకెలు చూసుకుంటుంటే, తెర కింది భాగంలో సన్నటి అర ఒకటి తెరుచుకుంది. అందులో అక్షరాలు వాటంతటవే పడసాగాయి. ఎలీసబెతు కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎవరని అనుకుందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు పూర్తయ్యాయి. ‘అన్నం తిన్నారా ఆంటీ.’

బ్లెస్సీ, బిందు ఇలాగే మాట్లాడుకునేవాళ్ళన్నమాట, గంటలు గంటలు, తను పక్కగదిలో పేపర్లు దిద్దుకుంటున్నప్పుడు. పాత మంట ఒకసారి లేచింది. కాసేపు ఆగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ‘ఇంకా లేదు’ అని కొట్టింది. ఆ పైన, ‘నువ్వు?’

ముప్పయ్యో తారీఖు పొద్దున పదింటికి పాలకాయతిప్ప అయింది. పట్టిక వచ్చింది, కింద ప్రశ్న వచ్చింది. ఎలీసబెతు ఇరవై రెండు వరుసలూ చూసి టిక్కు పెట్టింది. అయిన మూడు చోట్ల లెక్కా బిందు గుడివాడలో ఒక నకలు, బందరులో ఒక నకలు దించింది. యూనివర్సిటీకి గడువు పెంచమని బిందు రాసిన ఉత్తరానికి కుదరదని జవాబు వచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం ఎలీసబెతు వై కొట్టింది. హంసలదీవి 2001 మొదలైంది. సాయంత్రం అయిదింటికి తెర మధ్యలో ఆగిపోయింది. ఈసారి అది బొమ్మ అని ఆవిడకు తెలుసు. మూత వేసింది.

బిందు ఇంకో యంత్రం కోసం అడుగుతోంది. ఇంకా దొరకలేదు. హంసలదీవి, ఎదురుమొండి లెక్కలు చేయాల్సి ఉంది.